కవచముతో పుట్టిన ప్రాణి

పుట్టుకతోనే కవచము ధరించి వచ్చినవాడు కర్ణుడొక్కడే యని చిన్ననాడు మా నాయనగారి యొద్ద భారతము చదువుకొనునపుడు నేను నమ్మియుంటిని. అట్టి ప్రాణి మఱియొకటి కలదనియు, అది అమెరికా ఖండమునందలి అడవులలోను, పొలములలోను, ఇండ్ల పెరళ్ళలోను తిరుగుచుండుననియు, ఒకనాడు నా పాదముల చెంతకు వచ్చి వాసన చూచిపోవుననియు ఎన్నడును తలపలేదు. దాని పేరు ఆర్మడిల్లో. స్పెయిను దేశపువారు పెట్టిన పేరది. వారి భాషలో "చిన్న కవచధారి" యని యర్థము. మన తెలుగున దీనికి పేరు లేదు. లేకుండుటయు సహజమే, ఆ జాతి అమెరికా ఖండములలో దప్ప మఱెచ్చటను అడవులలో లేదు.

2023వ సంవత్సరము డిసెంబరు నెలలో నా చెల్లెలి రెండవ కాన్పునకు సాయముగా నేను టెక్సాసు రాష్ట్రమునకు వెళ్ళితిని. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అంతదూరము విమానములో కూర్చుండలేదు. మా వారికి బడిలో పరీక్షల దినములు. కావున నేనొక్కతెనే బయలుదేఱితిని. చెల్లెలి కాపురము హ్యూస్టను నగరమునకు నైరృతి దిక్కున నున్న షుగర్ లాండ్ అను పట్టణములో. ఆ ప్రాంతమున మన తెలుగు కుటుంబములు విస్తారముగా నున్నవి. అంగడిలో గోంగూర కట్టలును, మునగకాడలును చూచి, పరదేశమునకు వచ్చితినన్న సంగతియే కొంతసేపు మఱచితిని.

విమానాశ్రయమునుండి ఇంటికి పోవు దారిలో, రోడ్డు ప్రక్కన గడ్డిలో, బోర్లించిన సత్తుగిన్నెవలె నేదో పడియుండెను. అదేమని యడిగితిని. కారు నడుపుచున్న మా మఱిది తల త్రిప్పకయే, "ఆర్మడిల్లో, వదినగారూ. చచ్చిపోయింది. ఈ దేశంలో చాలామంది దాన్ని మొదటిసారి చూసేది ఇలాగే" అనెను.

ఇట్లు చచ్చుటకు కారణము విన్నప్పుడు నాకు మిక్కిలి జాలి కలిగినది. ఈ జంతువు అదరిపడినప్పుడు నిలిచినచోటనే మూడు నాలుగు అడుగుల యెత్తు నిటారుగా పైకెగురును. మీద పడవచ్చిన కుక్కయో, తోడేలువంటి మృగమో ఆ యెగురుపాటునకు బెదరి ఒక క్షణము వెనుదీయును. ఆ క్షణములో ఇది పరుగెత్తి పొదలో దూరును. తరతరములుగా దానిని కాపాడిన యుపాయమిది. కాని మోటారు బండి బెదరదు. రెండు చక్రముల నడుమ కదలక పడియున్నచో బండి మీదుగా దాటిపోవచ్చును. ఇదియో, సరిగా బండి తన మీదికి వచ్చిన క్షణముననే ఎగిరి, దాని యడుగుభాగమునకు కొట్టుకొని ప్రాణము విడుచును. కర్ణుని కవచము దానమిచ్చుటచే పోయెను. దీనిది ఒంటిమీద నుండియు అక్కఱకు రాకపోయెను.

చెల్లెలి పెద్దకొడుకు ఆఱేండ్లవాడు. ఆ పిల్లవానికి ఈ జంతువు చరిత్రమంతయు కంఠపాఠము. "పెద్దమ్మా, దానికి ఎప్పుడూ నాలుగు పిల్లలే పుడతాయి. నాలుగూ ఒక్కలాగే ఉంటాయి" అని నేను వచ్చిన మఱునాడే చెప్పెను. పిల్లవాని కల్పన యనుకొని నవ్వితిని. కల్పన కాదు. టెక్సాసులో నుండు తొమ్మిది పట్టెల ఆర్మడిల్లోకు గర్భమున ఒక్క అండమే ఫలించి, పిదప నాలుగుగా విడిపోయి, సాధారణముగా నాలుగు పిల్లలగును. అందుచే ఆ నాలుగును ఆడవియైన అన్నియు ఆడవే, మగవైన అన్నియు మగవే. ఇంకొక వింత: వేసవిలో చూలు నిలిచినను, ఆ పిండము మూడు నాలుగు నెలలపాటు పెరుగక గర్భములో ఊరక యుండును. చలికాలపు ఆరంభమున గర్భాశయమున నంటుకొని, అటుపిమ్మట నాలుగు నెలలు పెరిగి, మార్చినెల ప్రాంతమున, పురుగు పుట్ర విరివిగా దొరకు వేళకు లోకమునకు వచ్చును. పుట్టినప్పుడు పిల్లల కవచము మెత్తని తోలువలె నుండి, వయసుతో గట్టిపడును. నేనీ సంగతి చదివి వినిపించునప్పటికి మా చెల్లెలు నిండుచూలాలు. "మాకూ ఆ వరం ఉంటే బాగుండును, అక్కా. అమ్మ మోకాళ్ళు కుదుటబడేదాకా ఆగేదాన్ని" అని నవ్వెను.

ఆమె ఆగలేదు, నాలుగవ నాడే ఆడపిల్ల పుట్టినది. పురుడు వెళ్ళిన తరువాత వచ్చిన శనివారమున, బాలింతకు పథ్యము వండిపెట్టి, పసిదానిని చెల్లెలి అత్తగారికి అప్పగించి, మఱిదియు, పిల్లవాడును, నేనును ఆర్మడిల్లోను వెదకుటకు బయలుదేఱితిమి. చచ్చినదానిని చూచితిని గదా, బ్రదికియున్న దానిని చూపింపక నన్ను పంపుట పిల్లవానికి ఇష్టములేదు.

వెళ్ళిన చోటు బ్రాజోస్ బెండ్ అను ప్రభుత్వోద్యానము. ఉద్యానమనుటకంటె అడవి యనుట సరి. సుమారు 5,000 ఎకరములు. 1984లో ప్రజలకు తెఱచిరి. బ్రాజోస్ నది వంపున నున్నందున ఆ పేరు. అందు పెద్ద పెద్ద ఓకు చెట్లు. వాని కొమ్మలనుండి బూడిదవన్నె నాచు ఋషుల జడలవలె వ్రేలాడుచుండును. మడుగుల గట్లమీద మొసళ్ళు ఎండ కాచుకొనుచుండును. అవి ఎలిగేటరు అను జాతివి. ముప్పది అడుగుల దూరము విడిచి నడువుడని పలకలు కట్టియున్నారు. నేనైతే అఱువది అడుగులు విడిచితిని. ఆ మొసళ్ళను చూపుచు పిల్లవానికి గజేంద్రమోక్షము కథ చెప్పితిని. శ్రద్ధగా విని, "ఇక్కడ ఏనుగులు లేవు, పెద్దమ్మా. మొసలికి పాపం పట్టుకోడానికి ఏమీ ఉండదు" అనెను.

ఆర్మడిల్లోను చూడగోరువారు ముందు నేలను చూడవలెను. అది భూమిలోని పేడపురుగులను, వాని పిల్లపురుగులను, చీమలను, చెదలను, వానపాములను తినును. ముక్కుతో వాసన పట్టి, గోళ్ళతో త్రవ్వి, జిగురునాలుకతో నాకుకొనును. అది పోయిన దారి పొడవునను చిన్న చిన్న గుంటలు, మన వీధులలో పిల్లలు గోలీలాటకు చేసికొను గుంటలవంటివి, మిగిలియుండును. మట్టి తడిగానున్నచో గుంట క్రొత్తది. అది నివసించు బొఱియ వేఱు; చెట్టు మొదట, గట్టు ప్రక్కన, జానెడు వెడల్పు నోరుతో నుండును. ఒక్కొక్కదానికి ఇట్టి బొఱియలు పెక్కులు. లోపల ఎండుటాకుల పఱుపు పఱచుకొనును. ఆ ఆకులను చేర్చు తీరు విని మా చెల్లెలు కడుపుబ్బ నవ్వెను: ముందుకాళ్ళతో మోపు కట్టినట్లు పొట్టక్రిందికి లాగికొని, వెనుకకు వెనుకకు గంతులు వేయుచు బొఱియలోనికి పోవునట.

వేసవిలో అది రాత్రులందే తిరుగును. దినమున పదునాఱు గంటలదాక నిద్రించును. చలికాలమున మధ్యాహ్నపు వెచ్చదనము కొఱకు పగలు బయటికి వచ్చును. మా మఱిది అందుకే మూడు గంటల వేళ మమ్ము ఒక చిన్న కాలిబాటలోనికి తీసికొనిపోయి, గాలి మా ముఖములకు తగులునట్లు నిలువబెట్టి, మాటలాడవద్దనెను. ఆర్మడిల్లోకు చూపు చాల మందము. ముక్కు మాత్రము నేలక్రింది పురుగునుగూడ పసిగట్టును. కదలక, మన వాసన దానికి పోకుండ నిలిచినచో అది మన మీదికే నడచివచ్చును.

అరగంట నిలిచితిమి. పిల్లవాడు అంతసేపు మాటలాడకుండుట నేను మొదటిసారి చూచితిని. అప్పుడు ఎండుటాకులలో పెద్ద చప్పుడు వినబడినది. లేడియో, అడవిపందియో యనుకొని నేను వెనుకకు జరుగబోగా, మఱిది చేతితో వారించెను. ఈ జంతువునకు తగిన చప్పుడు కాదది. నలుగురు మనుష్యులు నడచినట్లుండును. పొద చాటునుండి బయటికి వచ్చినది పిల్లికంటె కొంచెము పెద్దది మాత్రమే.

దాని రూపము నెట్లు వర్ణింతును? చెవులు గాడిదవి, కాని చిన్నవి. ముట్టె పందిది. తోక యెలుకది, ఉంగరములు గ్రుచ్చినట్లు. భుజములమీద నొక చిప్ప, పిఱుదులమీద నొక చిప్ప. ఆ రెంటి నడుమ వంగుటకు వీలగునట్లు అడ్డముగా పట్టెలు. ఈ పట్టెలనుబట్టియే దానికి తొమ్మిది పట్టెల ఆర్మడిల్లో యని పేరు. నిజమునకు పట్టెలు ఏడు మొదలు పదునొకండువఱకు నుండవచ్చును. పిల్లవాడు ఎనిమిదనెను, తండ్రి తొమ్మిదనెను, నేను మూడుసార్లు లెక్కించి మూడు లెక్కలు తెచ్చితిని. పొట్టక్రింద మాత్రము కవచము లేదు. మెత్తని చర్మమును, పలుచని వెండ్రుకలును.

మన నల్లమల యడవులలోని అలుగునకు ఇది చుట్టమేమో యని నాకు తోచినది. కాదట. అలుగు పొలుసులు మన గోళ్ళవంటి పదార్థముతో నైనవి. దీని కవచము చర్మములోనే పెరిగిన యెముక పలకలు, పైన సన్నని కొమ్ముపొర. అలుగు వంశమున పిల్లికిని కుక్కకును దగ్గఱ. ఇది దక్షిణామెరికాలోని చీమలు తిను జంతువులకును, చెట్టున వ్రేలాడు స్లాతునకును దగ్గఱ. అలుగు ముడుచుకొని బంతియగును. ఆర్మడిల్లోలలో దక్షిణామెరికానందలి మూడు పట్టెల జాతివి మాత్రమే అట్లు పూర్తిగా బంతికాగలవు. మా యెదుట నున్నది కాజాలదు. వేఱువేఱు చోట్ల వేఱువేఱు జీవులు చీమల తిండికి అలవాటుపడి, ఇంచుమించు ఒకే వేషమునకు వచ్చినవి.

అది ముక్కు నేలలో పెట్టి బుసకొట్టుచు, త్రవ్వుచు, తినుచు మా వైపే వచ్చినది. నాలుగడుగుల దూరమున ఆగి, తోక ఊతగా వెనుకకాళ్ళమీద లేచి నిలిచి, గాలి వాసన చూచెను. చత్వారము వచ్చిన ముసలమ్మ గడపలో నిలిచి, "ఎవరమ్మా అది?" అని యడుగునట్లుండెను. ముందుకాళ్ళకు నాలుగేసి వ్రేళ్ళు, వెనుకకాళ్ళకు ఐదేసి. ఏ జంతువులు తినదగినవో రామాయణమున వాలి శ్రీరామునితో చేసిన ఐదుగోళ్ళ విచారము జ్ఞప్తికి వచ్చి, దీనిని ఆ లెక్కలో నెక్కడ చేర్పవలెనో తెలియక నాలో నేను నవ్వుకొంటిని. మరల నాలుగు కాళ్ళమీదికి దిగి, ముందుకు వచ్చి, నా చెప్పు అంచును ముట్టెతో మూచూచెను.

ఆ సమయమున పిల్లవాడు తుమ్మెను.

ఎగిరినది! విన్న దానికంటె చూచుట వేఱు. నా నడుము ఎత్తునకు నిటారుగా లేచి, క్రిందపడి, ఆకులు చిమ్ముచు, గోళ్ళు టకటకలాడ పొదలలోనికి దూసికొనిపోయెను. నేను కెవ్వుమంటిని. మఱిది నవ్వెను. పిల్లవాడు మాత్రము నవ్వక, అది పోయిన దిక్కు చూచి, "ఇక్కడ కార్లు లేవు కదా, పెద్దమ్మా" అనెను.

పిదప అది త్రవ్విన గుంట దగ్గఱ వంగి మట్టి తాకబోగా, తండ్రి "ముట్టుకోకు!" అని అఱచెను. అంత సౌమ్యుడు అంత గట్టిగా అఱచుట చూచి నేను వెఱచితిని. తరువాత నా వైపు తిరిగి, తగ్గించిన గొంతుకతో, "వదినగారూ, వాటిలో కొన్నిటికి కుష్ఠు ఉంటుంది" అనెను.

ఆ మాట విన్నంతనే నాకు ఆ యడవి కనబడలేదు. మా అమ్మమ్మగారి ఊరిలోని గొడ్లసావిడి కనబడినది.

మా అమ్మమ్మకు చెల్లెలొకతె యుండెడిది. చిన్నమ్మమ్మ యనువారము. ఆమెకు పెద్దరోగము. మా యిండ్లలో దాని పేరు పలుకరు. ఈ మాటయే వాడుదురు. సర్కారు వైద్యులు మాత్రలిచ్చి నయముచేసి, ఇక నెవరికిని అంటదని కాగితము వ్రాసి యిచ్చిరి. ఆ కాగితము పెట్టెలోనే యుండెను. ఆమె సావిడి ప్రక్క గదిలోనే యుండెను. వేఱు కంచము, వేఱు చెంబు. అన్నము ఆకులో పెట్టి పిట్టగోడమీద నుంచి రావలెను. ఆ పని నాది. ఉంచి, తిరిగి చూడక పరుగెత్తుకొని రమ్మని అమ్మమ్మ యాజ్ఞ. వ్రేళ్ళు ముడుచుకొనిపోయి పుస్తకపు పుట త్రిప్పలేని ఆమెకు భాగవతము సగము నోటికి వచ్చును. గోడకావల నుండి ఆమె చదువగా, ఈవల నుండి నేను నేర్చుకొంటిని. పిల్లవానికి నేను చెప్పిన గజేంద్రమోక్షము ఆమె చెప్పినదే. 1999లో ఆమె పోయెను. నాకు ఊహ తెలిసిన తరువాత ఒక్కసారియు నేనామెను తాకలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఈ సంగతులు శ్రద్ధగా చదివితిని. చెల్లెలు నిద్రపోవుచుండ, పసిదానిని చూడవలసిన వంతు నాది, ఎట్లును మేలుకొనవలసినదే.

ఈ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశపు హాన్సెన్ అను వైద్యుడు కనుగొనెను. అటుపిమ్మట నూఱేండ్లకు సమీపించినను, దానిని పెంచి పరీక్షించుటకు వలసినంత సేకరించు మార్గము ఎవరికిని దొరకలేదు. గాజుపాత్రలలో అది పెరుగదు, నేటికిని పెరుగదు. శరీరములో చల్లనిచోట్లు, అనగా వ్రేళ్ళు, చెవులు, ముక్కు, దానికి ప్రియములు.

ఇచ్చట కథలోనికి ఒక స్త్రీ వచ్చును. ఎలియనార్ స్టార్స్ అను శాస్త్రజ్ఞురాలు రోజర్ విలియమ్స్ అను ఆచార్యునితో కలసి ఆర్మడిల్లో పిల్లలను పరిశోధించెను. అచ్చముగా నొక్కటే యైన నాలుగు పిల్లలలో భేదములు ఎట్లు కలుగునని ఆమె ప్రశ్న. ఆ ఫలితములు 1968లో ప్రకటింపబడినవి. ఆ పరిశ్రమవలననే ఆమెకు ఈ జంతువు శరీరము చక్కగా తెలిసినది. మన దేహోష్ణము 37 డిగ్రీలైన, దానిది 32 మొదలు 35 వఱకే. పైగా పండ్రెండేండ్లకు మించి బ్రదుకగలదు. మెల్లగా పెరుగు వ్యాధికి ఆ కాలము చాలును. చలువదేహమున ఈ బీజము పెరుగవచ్చునని తలచి, లూసియానా రాష్ట్రమున కిర్కైమర్ అను వైద్యశాస్త్రజ్ఞునితో కలసి ప్రయత్నించెను. 1971లో వారు సఫలులైరి. వ్యాధిసోకిన ఆర్మడిల్లో కాలేయమునుండియు ప్లీహమునుండియు పరీక్షలకు కావలసినంత బీజము లభింపసాగెను. 2001లో ఆ బీజముయొక్క వంశలిపిని సంపూర్ణముగా చదివి ప్రకటించిరి. ఆ చదువబడిన బీజము మన తమిళనాడు రోగినుండి గ్రహించి, ఆర్మడిల్లో దేహమున పెంచినది. అనగా మన ప్రక్క ఊళ్ళ వ్యాధి రహస్యము విప్పుటకు ఈ మందదృష్టి జంతువు ప్రాణమిచ్చినది. వ్యాధిని కుదుర్చు మందులు దీనివలననే వచ్చినవని నేననను. మూడు మందుల చికిత్సను ప్రపంచారోగ్యసంస్థ 1981లో నిర్ణయించెను; ఆఱు నెలలకో, సంవత్సరమునకో వ్యాధి నయమగును; మందులు ఉచితము.

మఱి అడవిలోని ఆర్మడిల్లోలకు ఈ వ్యాధి ఎట్లు వచ్చినది? మనుష్యులనుండియే. సముద్రము దాటివచ్చిన జనులతో ఈ బీజము ఆ ఖండమునకు చేరి, వారినుండి దీనికి సంక్రమించినదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. 2011లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, అమెరికా దక్షిణ రాష్ట్రములలో విదేశప్రయాణ మెఱుగని కొందఱు రోగులయందును, అడవి ఆర్మడిల్లోలయందును ఒకే విధమైన బీజము కనబడినది. మనమిచ్చిన దానిని అది కొందఱికి తిరిగి యిచ్చినది. అందుకే దానిని పట్టుకొనవద్దని, మాంసము తినవద్దని హెచ్చరింతురు. నూటికి తొంబదియైదుగురి శరీరములకు ఈ వ్యాధిని సహజముగనే ఎదిరించు శక్తి కలదు. దూరముగా నిలిచి చూచినవారికి భయమే లేదు. పిల్లవానిని మట్టి తాకవద్దనుట తండ్రి జాగ్రత్త, నేను తప్పుపట్టను.

ఒకప్పుడు టెక్సాసువారే దీనిని వండుకొని తినిరి. 1930 ప్రాంతపు గొప్ప కఱవు దినములలో పనిలేని కుటుంబములకు ఇదే మాంసము. అప్పటి దేశాధ్యక్షుడు హూవరు మీది కోపముచేత దీనికి "హూవరు పంది" యని పేరు పెట్టిరి. కంఫర్ట్ అను ఊరి చెంత చార్లెస్ ఏపెల్ట్ అనునతడు 1898లో ప్రారంభించిన శాలలో, దీని చిప్పను వెల్లకిల త్రిప్పి, తోకకొనను నోటికి కట్టి పిడిగాచేసి, బుట్టలుగా అమ్మిరి. స్త్రీలు అందులో కుట్టుపని సామగ్రి పెట్టుకొనెడివారట. ఆ వ్యాపారము 1971వఱకు సాగెను. ఇట్టి బుట్ట చిత్రము నొకదానిని చూచితిని. లోపల పట్టుగుడ్డ అతికించియున్నారు. నా వఱకైతే దానిలో దారపుండ కూడ పెట్టలేను.

ఇన్ని పాట్లుపడియు అది వ్యాపించుచునే యున్నది. 1850 ప్రాంతమున మెక్సికో సరిహద్దుననున్న రియో గ్రాండి నది దాపుననే యుండినది, ఇప్పుడు ఉత్తరమున నెబ్రాస్కా, ఇల్లినాయి రాష్ట్రములదాక పోయినది. ఏళ్ళు దానికి అడ్డు కావు. చిన్న వాగైనచో ఊపిరి బిగబట్టి అడుగున నడచిపోవును. ఆఱు నిమిషములు ఊపిరి నిలుపగలదు. పెద్ద ఏఱైనచో గాలి మ్రింగి, పొట్టను ప్రేగులను ఉబ్బించుకొని, తేలి ఈదును. 1995లో టెక్సాసువారు దానిని తమ రాష్ట్రపు చిన్నజంతువుగా ప్రకటించిరి.

అడవినుండి ఇల్లు చేరునప్పటి సంగతి చెప్పవలసియున్నది. పిల్లవాడు గుమ్మములోనే అంతయు నాయనమ్మతో చెప్పివేసెను, తండ్రి మాటతో సహా. ఆమె డెబ్బది దాటిన పెద్దమనిషి. పసిదానిని గుండెకు హత్తుకొని రెండడుగులు వెనుకకు వేసి, నాతో, "అమ్మాయీ, వెనకవైపు నుంచి వెళ్ళి తలస్నానం చేసిరా. ఆ చెప్పులు బయటనే పారెయ్యి. అంతవరకు పిల్లను ముట్టకు" అనిరి. తప్పేమియు లేదు, అడవినుండి వచ్చి స్నానము చేయకుండ పసిబిడ్డను ఎత్తుకొనువారు లేరు. నేను స్నానముచేసి వచ్చితిని. అప్పటికిని ఆమె పిల్లను నా చేతికి ఈయలేదు. మఱునాడును ఈయలేదు. పాలు పట్టుటకు చెల్లెలి కిచ్చుచు, నా ప్రక్కనుండి చుట్టుతిరిగి పోయెడివారు. రెండు దినములు నేను వంటయింటిలోనే గడపితిని. గోడకావల నుండుట యెట్లుండునో అప్పుడు కొంత, మిక్కిలి కొంత, తెలిసినది.

మూడవనాడు నేను కూరలు తఱుగుచు చిన్నమ్మమ్మ సంగతి ఆమెకు చెప్పితిని. పోరునకు కాదు, ఆమె యెదుట కూర్చుండి చిక్కుడుకాయలు ఈనెలు తీయుచుండగా మాట వచ్చినది. మన దేశమున 1955 నాటి హిందూవివాహ చట్టములో ఈ వ్యాధి విడాకులకు కారణముగా నుండెననియు, 2019లోగాని ఆ మాట తీసివేయలేదనియు, నేటికిని లోకమున క్రొత్తగా కనిపెట్టబడు రోగులలో సగమునకు పైగా మన దేశమువారేయనియు, చదివినది చదివినట్లు చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. ఈనెలన్నియు ఒక ప్రక్కకు చేర్చి, "మా చిన్న మేనమామ కాశీకి పోయినాడని చెప్పుకొనేవాళ్ళం. కాశీకి కాదమ్మా. డిచ్‌పల్లి ఆసుపత్రిలో ఉండేవాడు. నా పెళ్ళికి చీర పంపించాడు. మా అమ్మ దాన్ని పెరట్లో తగలబెట్టింది. ఏం రంగు చీరో కూడా నేను చూడలేదు" అనిరి.

డిచ్‌పల్లి నిజామాబాదు దగ్గఱ నున్నది. ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు 1915లో అచ్చట స్థాపించిన ఆసుపత్రి యది. ఆమె మేనమామ అచ్చటనే పోయెనా, నయమై వెలికి వచ్చెనా యని యడుగుటకు నాకు నోరాడలేదు. ఆ సాయంకాలము చెల్లెలు స్నానమునకు పోవుచుండగా పిల్ల ఏడ్చెను. అత్తగారు పిల్లను తెచ్చి, ఏమియు ననక, నా ఒడిలో పరుండబెట్టి, దీపము పెట్టుటకు లోపలికి పోయిరి.

నేను తిరిగి వచ్చుటకు ముందు శనివారమున మరల బ్రాజోస్ బెండ్ వెళ్ళితిమి. ఈసారి ఆమెయు వచ్చిరి, శాలువ కప్పుకొని, చేతికఱ్ఱతో. మొసళ్ళను చూచి నాకంటె తక్కువగా భయపడిరి. ఆ కాలిబాట చివర బల్లమీద కూర్చుండి, గాలి ముఖమునకు తగులునట్లు తిరిగి, పిల్లవాడు నేర్పిన ప్రకారము పెదవి విప్పక గంటసేపు నిరీక్షించిరి. క్రొత్త గుంటలు కనబడినవి. పిల్లవాడు పదునేడు లెక్కించెను. చీకటి పడువఱకు ఉంటిమి. ఆర్మడిల్లో మాత్రము రాలేదు.